పదహారు లీటర్ల బకెట్టు

"పదిహేను."

సీసాలోని చివరి చుక్క కూడా బకెట్టులో పడింది. నీళ్ళు ఎర్ర గీతను ఇంకా తాకలేదు.

"ఇంకొకటి పొయ్," అన్నాడు భర్త.

ఆమె లేచి కుళాయి కింద సీసా పట్టింది. ఖాళీ అయిన లీటరు నూనె సీసా అది. తొణకకుండా తెచ్చి పోసింది. నీళ్ళు సరిగ్గా గీత దగ్గరికి వచ్చి ఆగాయి.

"పదహారు."

ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడని పొద్దున్నించి ఇలా బకెట్టు కొలవడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ పదహారే.

వంటింట్లో నేల మధ్య నీలం బకెట్టు. దాని చుట్టూ నలుగురు మనుషులు, పీనుగు చుట్టూ చేరినట్టు. మామగారు కుర్చీలో ఉన్నారు, రెండు మోకాళ్ళకూ పట్టీలు చుట్టుకుని. అత్తగారు పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడింది. భర్త గొంతుక్కూర్చుని, బకెట్టు అంచు మీద రెండు చేతులూ పెట్టి, లోపల ఏదో పడిపోయినట్టు చూస్తున్నాడు.

"దాని చేతిలోనే ఏదో ఉంది," అంది అత్తగారు చివరికి. "కూరలో ఉప్పే సరిగ్గా పడదు ఆ చేత్తో. కట్ట లెక్క తేలుస్తుందా? నువ్వు పొయ్యరా."

"మూడోసారి పోసింది నేనేనమ్మా."

"అయితే సీసా తప్పు."

"లీటరని దాని మీద అచ్చేసి ఉంది."

"అచ్చేసినవన్నీ నిజాలేనా? ముందుగదిలో గోడ మీద మీ నాన్న గురించి కూడా అచ్చేసి ఉంది."

ఆ మాట బయటికి వచ్చేశాక గానీ తానేమందో అత్తగారికి తెలియలేదు. తలుపులోంచి నలుగురూ ముందుగది గోడకేసి చూశారు. అద్దాల పటం. కట్టను కంటికి రెప్పలా కాచినందుకు కట్ట కాపలాదారుకు ఆఫీసు ఇచ్చిన ప్రశంస. కింద ఫోటో. అందులో ఇంజనీరు మామగారి చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. పటం వచ్చింది మామగారికి గానీ, నవ్వంతా ఇంజనీరుదే.

పద్నాలుగు నెలల కిందట చెరువు కట్టకు మరమ్మతు చేశారు. మట్టిలోకి గొట్టాలు దించి సిమెంటు పాలు ఎక్కించారు. అంతకుముందు కట్టలోంచి ఊరే నీళ్ళ కింద ముప్పై అయిదు సెకన్లలో నిండే ఊట బకెట్టు ఆ వారం నుంచి యాభై ఆరుకి గానీ నిండలేదు. ఊట తగ్గిందని ఆఫీసు మురిసిపోయింది. ఇంజనీరుకు పెద్ద కుర్చీ వచ్చింది. మామగారికి ఈ పటం వచ్చింది.

ఆ వారమే ఇంట్లోకి కొత్త బకెట్టు కూడా వచ్చింది. ఆ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

"ఇవాళ పొద్దున ఎంత?" అడిగాడు భర్త.

"నలభై."

అతను వేలు తడిచేసుకుని నేల మీద అంకెలు వేశాడు. "పదహారు లీటర్లు నలభై సెకన్లలో. అంటే పది లీటర్లు..." వేలు ఆగింది. "ఇరవై అయిదు."

కట్ట మట్టిలో ఊరే నీళ్ళన్నీ అడుగున ఒక గొట్టంలోకి చేరి బయటికి వస్తాయి. రోజూ ఉదయం ఏడింటికి ఆ గొట్టం కింద బకెట్టు పెట్టి, గీతదాకా నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఊట పుస్తకంలో రాయాలి. పుస్తకం అట్ట లోపల ఆఫీసువాళ్ళు అతికించిన కాగితం ఉంది. పది లీటర్ల బకెట్టు వాడాలి. ముప్పై సెకన్లలోపు నిండితే ఆ రోజే కబురు చెయ్యాలి. నీళ్ళ రంగు మారితే ఆ గంటలోనే చెయ్యాలి.

నేల మీద ఇరవై అయిదు మెల్లగా ఆరిపోతోంది. అది పూర్తిగా ఆరేదాకా అందరూ దాన్నే చూశారు.

"ఎవరు కొన్నారు ఈ బకెట్టు?" అంది అత్తగారు. తెలిసే అడిగింది.

"నేనే అత్తయ్యా. పాతది మీరు మీ చిన్నమ్మాయికి ఇచ్చేశారు కదా, బట్టలు నానబెట్టుకోవడానికి. అలాంటిదే ఇంకొకటి తెమ్మన్నారు."

"అలాంటిది అన్నాను. ఇలాంటిది అన్నానా?"

"ఎన్ని లీటర్లదని అడిగాను. బకెట్టు బకెట్టే, దానికి లీటర్లేమిటి, కారకపోతే చాలు అన్నారు."

"ఓహో. అయితే నాదన్నమాట తప్పు. అనండి, అందరూ కలిసి అనండి. ముప్పై ఏళ్ళు ఈ కట్ట మీద కాపురం చేసి, నిన్నగాక మొన్న వచ్చినదాని చేత అనిపించుకోవాలని నా నుదుట రాసిపెట్టి ఉంది. మరి ఆ గీత ఎవరు గీశారు తల్లీ? అది కూడా నేనేనా?"

ఆమె తల దించుకుంది. పాత బకెట్టుకు ఆఫీసువాళ్ళు గీసిన గీత అంచుకు రెండు వేళ్ళ కింద ఉండేది. కొత్తదానికీ అలాగే రెండు వేళ్ళు కొలిచి, పెళ్ళినాటి గోళ్ళరంగు సీసాలో మిగిలినదంతా ఊడ్చి గీత గీసింది. ఎక్కడా వంకర పోలేదని ఆ రోజు మామగారు మెచ్చుకున్నారు కూడా.

"మూడింటికి సార్ వస్తున్నారు కదండీ," అంది భర్తతో. "చెప్పేద్దాం."

"ఏమని?"

"బకెట్టు మారిందని. ఊట తగ్గలేదని. ఇంకా పెరిగిందని."

"చెప్తే?" అతను లేచి నిలబడ్డాడు. "పటం పోతుంది, పోనీ. నెలాఖరుకు నాన్న దిగిపోతున్నాడు. ఆ చోట్లో నన్ను వేస్తానని సార్ మాటిచ్చారు. ఆరేళ్ళుగా రోజుకూలీకి తూము తిప్పుతున్నాను. ఈ ఇల్లు ఆ ఉద్యోగంతో వచ్చింది, అది పోతే దీంతో పాటే పోతుంది. అప్పుడు నిన్నూ నీ బకెట్టునూ నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాలి చెప్పు."

"కింద సందులో నూట ఇరవై ఇళ్ళున్నాయండీ."

"కట్ట కట్టిననాటి నుంచీ ఉన్నాయి. ఒక్కటీ కొట్టుకుపోలేదు."

"మా అమ్మ ఉంది."

"అదీ!" అత్తగారు చేతులు చరిచింది. "ఇప్పుడు బయటపడింది. జనం మీద ప్రేమ అనుకున్నాను. వాళ్ళమ్మ మీద. ఆ ఒక్క గది కొంప కోసం నా కొడుకు ఉద్యోగం ముంచుతుందట."

"మీ చిన్నమ్మాయి కూడా ఆ సందులోనే ఉంది అత్తయ్యా."

అత్తగారి చూపు లోపలిగదిలో ఫోను వైపు పోయింది. కుళాయి సరిగ్గా కట్టలేదేమో, చుక్కలు పడుతున్నాయి. ఎవరూ లేచి కట్టలేదు.

"ఆ బకెట్టు పెద్దదని నాకు తెలుసు," అన్నారు మామగారు.

పొద్దున్నించి ఆయన మాట్లాడటం అదే మొదలు.

"ఏమిటి నాన్నా?"

"తెచ్చిన రోజే తెలుసు. నీళ్ళతో ఎత్తి చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళు మోసిన చెయ్యి ఇది. పది లీటర్ల బరువు తెలియదా?"

"మరి చెప్పలేదేం?"

ఆయన మోకాలి పట్టీ విప్పి మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టారు. "చెబుదామనే అనుకున్నాను. అప్పటికే సారు ఫోటో తీయించేశాడు."

ఎవరూ నవ్వలేదు. నవ్వు రావలసిన మాటే.

"కట్టకు ఊట ఉంటుందిరా," అన్నారాయన మళ్ళీ, పట్టీ మీద నుంచి కళ్ళు ఎత్తకుండా. "పోయే నీళ్ళు పోతాయి. తేటగా పోతున్నంతకాలం భయం లేదు. మట్టిని వెంటబెట్టుకుని పోయిన రోజున చూసుకోవాలి. లోపలే తొలిచేస్తుంది, చెదలు తిన్న తలుపులా. పైకి ఏమీ కనబడదు. తేటగానే ఉన్నాయిగా అమ్మాయ్?"

"ఉన్నాయి మామయ్యా."

అనేశాక ఊట పుస్తకం గుర్తొచ్చింది. పుస్తకంలో సెకన్ల పక్కన రంగు అని ఒక గడి ఉంటుంది. ప్రతి నెలా మొదటి తారీఖున ఆమె కూర్చుని ముప్పై గడుల్లోనూ తేట, తేట అని వరసగా రాసేస్తుంది. ఎలాగూ తేటే కదా, రోజూ ఆ ఒక్క మాట కోసం కష్టపడటం ఎందుకని మామగారే నేర్పారు. ఇవాళ్టి గడిలో ఆ మాట పద్దెనిమిది రోజుల కిందటే పడింది. మరి ఇవాళ పొద్దున నీళ్ళ రంగు చూసిందా? గీతను చూసింది. గడియారాన్ని చూసింది.

*

అత్తగారు లోపలిగదిలో ఫోను పట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడుతోంది. గొంతు తగ్గిస్తే ఆవిడ మాటలు ఇంకా బాగా వినిపిస్తాయి.

"కుట్టు మిషను ఉండనీ, తర్వాత చూద్దాం. బట్టలు, కాగితాలు, ఉన్న నాలుగు నగలు సర్దుకుని వచ్చెయ్. ఇప్పుడే. మీ ఆయన లారీ దిగి వచ్చాక తనే ఇక్కడికి వస్తాడు. ఎందుకని నువ్వడగకు, నేను చెప్పను. సందులో ఎవరైనా అడిగితే నాన్నకు ఒంట్లో బాగోలేదని చెప్పు. ఆఁ. ఎవరికీ ఒక్క మాట అనకు."

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. అత్తగారు తిరిగి చూసి ఉలిక్కిపడింది, దొంగకు తేలు కుట్టినట్టు. మరుక్షణమే సర్దుకుంది.

"ఏం, అలా దెయ్యంలా నిలబడ్డావ్?"

"అత్తయ్యా, మా అమ్మను కూడా రమ్మంటాను. రెండు రోజులు."

"మీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడకు చెప్పడమూ ఒకటే, ఆవిడ ఉతికే ఆసుపత్రి దుప్పట్లన్నిటికీ చెప్పడమూ ఒకటే."

"ఏమీ చెప్పను. ఊరికే రమ్మంటాను."

"ఎక్కడ పడుకుంటుంది? ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో నా కూతురు."

"వంటింట్లో పడుకుంటుంది. నేనూ అక్కడే పడుకుంటాను."

"వియ్యపురాలిని వంటింట్లో పడుకోబెట్టిందని నన్ను ఆడిపోసుకోవడానికా?" అత్తగారు చెయ్యి చాపింది. "నీ ఫోను ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"సార్ వచ్చి వెళ్ళాక ఇస్తాను. నేనేం కొరుక్కు తినను."

ఆమె వంటింటి వైపు చూసింది. భర్త తడిగుడ్డతో నేల తుడుస్తున్నాడు. ఎప్పుడో ఆరిపోయిన అంకెల మీద రుద్ది రుద్ది తుడుస్తున్నాడు.

"ఏమండీ."

"ఇచ్చెయ్," అన్నాడు, తలెత్తకుండా.

అత్తగారు ఫోను అల్మారాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి తీసి దిండు గలేబులో వేసుకుని, ఆ దిండు మీదే కూర్చుంది.

*

ఇంజనీరు చెప్పిన వేళకే వచ్చాడు. చల్లని మనిషి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడని పేరు.

"ఏం పెద్దాయనా, నువ్వు కట్టను మోస్తున్నావా, కట్టే నిన్ను మోస్తోందా?"

"మీ దయ సార్," అన్నారు మామగారు, లేవబోయి లేవలేక.

టీ తాగుతూ ఊట పుస్తకం తిరగేశాడు ఇంజనీరు. "ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు. ఎవరివి?"

"మా కోడలివి సార్," అంది అత్తగారు. పెళ్ళయిన మూడేళ్ళలో ఆ గొంతులో ఆ మాట అంత తియ్యగా ఎన్నడూ వినపడలేదు. "ఆయన మోకాళ్ళు పడిపోయిన దగ్గర్నుంచీ కొలతలన్నీ తనే చూసుకుంటుంది. చాలా బుద్ధిమంతురాలు."

"యాభై ఆరు నుంచి నలభైకి దిగింది. కాస్త కనిపెట్టి ఉండాలి. అయినా ముప్పైకి ఇంకా దూరమేలే. పదమ్మా, ఒకసారి నా ఎదురుగా పెట్టు."

ఇల్లు కట్ట భుజం మీద ఉంటుంది. గొట్టం దగ్గరికి ముప్పై మెట్లు దిగాలి. మెట్ల పైన కుర్చీ వేసి మామగారిని కూర్చోబెట్టారు. అవతలి పక్క, ఎగువన పడ్డ వానలకు చెరువులో నీళ్ళు ఎనిమిదో మెట్టుదాకా ఎక్కి ఉన్నాయి. అటు ఉన్నవి పన్నెండు మెట్లే. ఆకాశం నాలుగు రోజులుగా మూసిన కుండలా ఉంది.

భర్త పెద్ద బకెట్టు పట్టుకుని ముందు దిగాడు. దిగుతూ ఆమె చెవిలో, "ఈ ఒక్క రోజు," అన్నాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్క రోజు నోరు మూసుకో."

అప్పుడే పైన చిన్నమ్మాయి గొంతు వినిపించింది. "అమ్మా, వచ్చేశాను. నాన్నకేమైంది?"

ఆడపడుచు మెట్ల పైన నిలబడి రొప్పుతోంది. చంకలో సంచీ, ఇంకో చేతిలో బట్టలు కుక్కిన నీలం బకెట్టు. దాని అంచు కింద ఆఫీసువాళ్ళ ఎర్ర పెయింటు గీత సగం చెరిగి ఇంకా కనబడుతోంది.

ఆమె ఏమీ ఆలోచించలేదు. మెట్లన్నీ ఎక్కి, ఆడపడుచు చేతిలోంచి బకెట్టు తీసుకుని, బట్టలన్నీ మెట్టు మీదే బోర్లించేసింది.

"వదినా!"

"ఏయ్, పిచ్చి పట్టిందా నీకు?" అత్తగారు పరిగెత్తుకొచ్చింది.

అప్పటికే ఆమె కిందకి దిగిపోయింది. భర్త పక్కకు జరిపేలోపు గొట్టం కింద పాత బకెట్టు పెట్టింది. ఇంజనీరు చెయ్యి అలవాటుగా గడియారం మీదకు వెళ్ళింది.

నీళ్ళు గీతను తాకాయి. "ఆపండి," అంది ఆమె.

ఇంజనీరు గడియారాన్ని చాలాసేపు చూశాడు. ఎంతో చెప్పలేదు. ఆమె మనసులో లెక్కపెట్టుకుంటూనే ఉంది. ఇరవై నాలుగు.

రెండు బకెట్లూ పక్కపక్కన ఉన్నాయి. రెండూ నీలమే. ఒకచోట పెడితే గానీ తెలియలేదు. తల్లీ పిల్లలా ఉన్నాయి. ఇంజనీరు వంగి, జానతో ఒకదాన్ని కొలిచాడు. రెండోదాన్ని కొలిచాడు. అతని మొహంలోకి రక్తం వచ్చి పోవడం ఆమె చూసింది. అర్థమైంది అతనికి. మరమ్మతూ, పెద్ద కుర్చీ, ఫోటోలో నవ్వూ, అన్నీ ఆ రెండు జానల మధ్య అర్థమయ్యాయి.

అమ్మయ్య, అనుకుంది ఆమె. ఇక నేను చెప్పక్కర్లేదు.

ఇంజనీరు జేబురుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు.

"నీళ్ళు ఒలికాయమ్మా. మళ్ళీ పెట్టు. ఆ పెద్దదాంతో."

"సార్, పది లీటర్లది ఇదే."

"పద్నాలుగు నెలలుగా ఏ బకెట్టుతో కొలిచి ఆఫీసుకు పంపారో, ఆఫీసు బకెట్టు అదే."

"సార్, తూము ఎత్తించండి. రెండు మెట్లు నీళ్ళు దింపేద్దాం. లేదంటే కింద సందులో వాళ్ళకైనా..."

"తూము ఎత్తితే ఎందుకెత్తావని పైవాళ్ళు అడుగుతారు. సందులో చెప్తే సందంతా వచ్చి నా ఆఫీసులో కూర్చుంటుంది." గొంతు పెంచలేదు. చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు చెప్పాడు. "వానలు వెళ్ళనీ. మళ్ళీ సిమెంటు ఎక్కిద్దాం. ముప్పై ఏళ్ళు నిలబడ్డ కట్ట మూడు నెలలు నిలబడదా?"

అతను పెద్ద బకెట్టు వైపు చూశాడు.

"ఈ కొత్త బకెట్టు ఎవరు కొన్నారు?"

"తనే సార్," అన్నాడు భర్త.

"గీత?"

"తనే."

"రాసింది?"

ఎవరూ జవాబు చెప్పే అవసరం రాలేదు. పుస్తకం ఇంజనీరు చేతిలోనే తెరిచి ఉంది.

"చూశావా అమ్మా. అన్నీ నీ చేతి మీదుగానే జరిగాయి. నన్ను నిజం రాయమంటే రాస్తాను. ఆ నిజంలో ఉండేది నీ పేరొక్కటే."

ఆమె తలెత్తి మెట్ల పైకి చూసింది. మామగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"మామయ్యా, మీకు తెలుసు కదా. తెచ్చిన రోజే ఎత్తి చూశానన్నారు. చెప్పండి."

మామగారు ఇంజనీరు వైపు చూశారు. కొడుకు వైపు చూశారు. ఆమె వైపు చూడలేదు.

"నేను కట్ట దిగి రెండేళ్ళయింది సార్. అన్నీ కోడలే చూసుకుంటోంది." కాసేపాగి, ఏదో తక్కువైనట్టు, "మంచి పిల్లే," అన్నారు.

ఇంజనీరు పుస్తకం ఆమె ముందు పెట్టి కలం మూత తీసిచ్చాడు. "నలభై అని రాసి సంతకం పెట్టు. అంతే. ఇంటికి దీపం పెట్టాల్సిన దానివి."

ఆమె కలం తీసుకుంది. ఇవాళ్టి గడిలో తేట అని తన అక్షరాలే ఎదురుగా ఉన్నాయి. ముత్యాల్లా. కళ్ళు తిప్పుకుందామని కిందకు చూసింది.

ఈ మాటల్లో పాత బకెట్టులో నీళ్ళు కదలక నిలిచాయి. అడుగున ఏదో పేరుకుంది. చెయ్యి పెట్టి తీసింది. మెత్తగా, జల్లించిన పిండిలా, ఎర్రమన్ను. వేళ్ళ మధ్య జారిపోతోంది.

"సార్, ఇటు చూడండి. మట్టి వస్తోంది."

ఇంజనీరు చూశాడు. కచ్చితంగా చూశాడు. "బట్టలు మోసిన బకెట్టు. బట్టల మురికి."

"నా కూతురి బట్టలకు మురికేమిటి సార్?" అంది పైనుంచి అత్తగారు, ఉండబట్టలేక. "రోజూ ఉతుకుతుంది."

"నువ్వు నోరు ముయ్యమ్మా!" అరిచాడు కొడుకు.

ఆ అరుపులోనే ఆమె రాసేసింది. సెకన్ల గడిలో ఇరవై నాలుగు. పక్క గడిలో తేట మీద అడ్డంగా ఒక గీత, దాని పైన బురద. సంతకం. ఒక్క అక్షరమూ వంకర పోలేదు.

ఇంజనీరు చదివాడు. సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూసి, చంకలో పెట్టుకున్నాడు.

"ఇది నా దగ్గర ఉంటుంది. రేపు కొత్త పుస్తకం పంపిస్తాను." మెట్లెక్కుతూ భర్త భుజం మీద చెయ్యి వేశాడు. "నీ కాగితాలు ఇప్పుడప్పుడే కదపొద్దు. చూద్దాంలే. ముందు ఇల్లు చక్కబెట్టుకో."

*

కారు వెళ్ళిపోయాక భర్త మళ్ళీ కిందకు దిగి వచ్చాడు. కొడతాడనుకుంది. కొట్టలేదు.

"తృప్తిగా ఉందా?"

ఆమె వేళ్ళకంటిన ఎర్రమన్ను అతనికి చూపించింది.

"కట్ట తెగితే నూట ఇరవై ఇళ్ళు పోతాయన్నావు. తెగుతుందో లేదో దేవుడికి తెలుసు. నువ్వు మాత్రం ఇవాళ ఒక ఇల్లు ముంచావు. నాది." పెద్ద బకెట్టును కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి గడ్డిలో పడింది. "గేటుకు తాళం వేస్తున్నాను. సందులోకి అడుగు పెట్టావంటే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు. అక్కడే ఉండిపో, మీ అమ్మతో దుప్పట్లు ఉతుక్కుంటూ."

అతను వెళ్ళిపోయాడు. మెట్టు మీద పడ్డ బట్టలు ఏరుకుంటూ చిన్నమ్మాయి కిందకు దిగింది. పాతికేళ్ళ పిల్ల. తనకింకా ఏమీ అర్థం కాలేదు.

"ఏమైంది వదినా? నాన్న బాగానే ఉన్నాడుగా. అమ్మ ఎందుకు రమ్మంది? సందులో ఎవరికీ చెప్పొద్దందేమిటి?"

"ఎవరికీ చెప్పలేదా?"

"లేదు. మీ అమ్మగారు ఎదురొచ్చారు, అంతే. బకెట్టు బరువుగా ఉందని ఒక పక్క తను పట్టుకుని, ఇదిగో, గేటుదాకా మోసుకొచ్చి ఇచ్చారు. లోపలికి రండి అత్తయ్యా అన్నాను. పిలవని ఇంటికి ఎందుకులే తల్లీ అన్నారు." చిన్నమ్మాయి ఒక చొక్కా దులిపి మడత పెట్టింది. "నాన్నకు బాగోలేదంటే ఎంత బాధపడ్డారో. సాయంత్రం ఆసుపత్రి నుంచి మోకాళ్ళకేదో నూనె అడిగి పట్టుకొస్తానన్నారు. ఇంటికి వెళ్ళి కాస్త నడుం వాల్చి లేస్తానన్నారు."

ఆమె పాత బకెట్టు కడిగింది. రెండుసార్లు కడిగింది, మురికి అనే మాట ఎవరూ అనకుండా. గొట్టం కింద పెట్టింది. ఇంజనీరు గడియారం అతనితోనే పోయింది, తనది పైన ఇంట్లో ఉంది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.

ఈసారి గీతను చూడలేదు. రంగును చూసింది. గొట్టంలోంచి వచ్చే నీళ్ళు పాలు తక్కువైన టీలా ఉన్నాయి.

ఇరవై ఒకటికి నిండిపోయింది.

"వదినా, ఏమిటలా అయిపోయావు?"

పైన గేటుకు తాళం పడిన చప్పుడైంది. ఆమె ఊట కాలువ వైపు చూసింది. గొట్టం నీళ్ళు పోవడానికి తవ్విన సన్నటి కాలువ అది. గడ్డిలోంచి, కంచె అడుగు నుంచి, నేరుగా కింద సందులోకి పోతుంది. దానికి గేటు లేదు.

చెప్పులు విప్పి పక్కన పెట్టింది. సందులో చూపించడానికి ఆ నీళ్ళ బకెట్టు ఎత్తుకుంది. పది లీటర్లు. ఆ బరువు ఇప్పుడు ఆమె చేతికీ తెలుసు. కాలువలోకి దిగి వంగి నాలుగడుగులు వేసి, ఎందుకో వెనక్కి తిరిగి చూసింది.

భర్త గేటు దగ్గర ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అత్తగారు ఇంట్లో ఉంది. మెట్ల పైన కుర్చీలోంచి మామగారు మాత్రం ఆమెనే చూస్తున్నారు. ఆమెనూ, బకెట్టునూ, గొట్టంలోంచి వస్తున్న ఆ రంగునూ. ముప్పై ఒక్క ఏళ్ళు కట్టను చూసిన కళ్ళు అవి.

ఆమె అలాగే నిలబడింది. ఆయన కూడా కదల్లేదు.

తర్వాత ఆయన కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, పట్టీల మోకాళ్ళ మీద వణుకుతూ లేచి నిలబడ్డారు. గేటు వైపు తిరిగి గొంతెత్తారు.

"ఒరే అబ్బాయ్! తూము ఎత్తరా!"